కృప కారుకు రంగమ్మ పెట్టిన బొట్టు

ఎమ్మిగనూరులో మగ్గాలున్న వీధుల్లోకి కృప కారు వస్తే చప్పుడు కాదు. ఆ కారు మీద వీధి ఆడవాళ్లకున్న ఫిర్యాదు అదొక్కటే. ఆమె ఆటో నడిపిన రోజుల్లో దాని దగ్గు వీధి మొదట్లోనే వినిపించేది. కండెలు చుట్టుకుంటున్నవాళ్లు రాట్నం ఆపి, చేతులు కడుక్కొని, కొప్పు ముడుచుకొని వాకిట్లోకి రావడానికి తగినంత వ్యవధి దొరికేది. ఈ కరెంటు కారు అట్లా కాదు. పిల్లి వచ్చినట్టు వచ్చి, గడప ముందు నిలబడి, లోపలివాళ్లు తలెత్తి చూసేదాకా మర్యాదగా కాచుకొని ఉంటుంది.

“ఒక్కసారి హారనన్నా కొట్టరాదామ్మే! దొంగ మాదిరి వస్తే మాకెట్ల తెలుస్తాది?” అని రంగమ్మ కోప్పడేది.

“నువ్వు కోడి కూయకముందే తయారై గడపలో కూసుంటావు గదవ్వా, నీకు హారనేంటికి?” అని కృప నవ్వేది.

ఈ కోపమూ ఈ నవ్వూ లేకుండా ఆ కారు వీధివాళ్లను ఎక్కించుకొని ఆదోనికి బయలుదేరిన రోజు లేదు.

కృపకు నలభై ఏళ్లు ఇంకా నిండలేదు. తండ్రి ఆదోని మార్కెట్టులో పత్తి మూటలు మోసిన మనిషి. భర్త సుధాకర్ ఎమ్మిగనూరులో నేసిన దుప్పట్లను మడతపెట్టి కట్టలు కట్టే పనిలో ఉన్నాడు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె చేతికీ రాట్నమే ఇచ్చారు. కండె చుట్టడం ఆమెకు పట్టుబడింది గానీ, కదలకుండా ఒకచోట కూర్చోవడం పట్టుబడలేదు. వీధిలో బండి పోతే ఆమె కళ్లు దాని వెంట పోయేవి, ఇక్కడ నూలు చిక్కుపడేది. చివరకు సుధాకరే ఒకనాడు విసిగిపోయి, “నువ్వు ఈడ కూసుంటే నూలూ పాడు, నువ్వూ పాడు. పో, ఆటో నేర్చుకో” అన్నాడు. ఆ మాట అన్నందుకు తల్లి అతనికి చాలాకాలం సరిగా అన్నం వడ్డించలేదు.

ఆటో నేర్చుకోవడం సులువుగానే జరిగింది. ఎక్కేవాళ్లు దొరకడమే కష్టమైంది. ఆడమనిషి తోలే బండి ఎక్కడానికి మగవాళ్లకు నామోషీ, ఆడవాళ్లకు భయం. స్టాండులో ఆమె ఆటో ఒక్కటే ఖాళీగా నిలబడి, అందరి చూపులకూ నవ్వులకూ గురి అయ్యేది. అప్పుడు వచ్చింది రంగమ్మ. అప్పటికే ఆమె తల పండిపోయింది. చంకలో నూలు మూట ఉంది. స్టాండులో ఉన్న ఆటోలన్నిటినీ తీరికగా ఒకసారి చూసి, నేరుగా వచ్చి కృప వెనక కూర్చుంది.

“తోలు పాపా. పడితే ఇద్దరం పడదాం, లేస్తే ఇద్దరం లేద్దాం” అన్నది.

ఎవరూ పడలేదు. రంగమ్మ దిగి, “వక్క నములుకుంటా కూసున్నా, నోట్లోని వక్క గూడా కదల్లే” అని వీధంతా చెప్పింది. ఆ మాటతో కృప ఆటో నిండింది. అప్పటినుంచి ఇప్పటిదాకా నిండుతూనే ఉంది. పొదుపు సంఘం ద్వారా అప్పు తీసుకొని కృప ఈ కరెంటు కారు కొన్నప్పుడు కూడా అందులో మొదట కూర్చున్నది రంగమ్మే. డ్రైవరు పక్కన ముందుసీటు ఆమెది. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. అయినా ఆ సీటులో ఇంకొకరు కూర్చునే సాహసం చేయరు.

కారు ఇంటికి వచ్చిన రోజున కృపవాళ్ల చర్చి అయ్యగారు బానెట్టు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాడు. కృపది క్రైస్తవ కుటుంబం. రంగమ్మ ఆ ప్రార్థన అయ్యేదాకా చేతులు కట్టుకొని నిలబడి, ఆమేన్ అనవలసిన చోట అందరికన్నా ముందే అనేసింది. తరువాత దసరా వచ్చింది. ఆయుధపూజనాడు ఆమె తన మగ్గానికీ రాట్నానికీ పసుపు కుంకుమలు పెట్టుకొని, మిగిలిన కుంకుమతో పళ్లెం పట్టుకొని కృప వాకిట్లోకి వచ్చింది.

“మీ అయ్యగారి ప్రార్థన అయింది. దాని పక్కన నాదొక బొట్టు ఉంటే మీ కారు కాదంటాదా?”

“కాదనదు లేవ్వా. పెట్టు.”

పెట్టు అనడం తేలికే. ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. ఆటోకైతే ఇంజను ఉంది, దానికి పెట్టేవారు. ఈ కారుకు అటువంటి ఇంజను లేదని కృప చెప్పగా విని రంగమ్మ ఆశ్చర్యపోయింది. దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, చివరకు అసలు ప్రశ్న వేసింది.

“మల్ల అన్నం యాడ తింటాదిమే ఇది?”

కృప చార్జింగు మూత తెరిచి చూపించింది. “ఈడ తింటాదవ్వా. కరెంటు.”

“అట్ల సెప్పు! నోరు ఈడ పెట్టుకొని ముక్కు కాడ ఎదుకుతాండా నేను” అని రంగమ్మ ఆ నోటి అంచున, పైభాగాన, నిండైన బొట్టు పెట్టింది. కొంచెం కుంకుమ కిందికి రాలింది. కృప దాన్ని కొంగుతో తుడవబోతే, “ఉండనీలే, మంచిదే” అని వారించింది. వీధి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ పండుగ దినాల్లోనే కృప ఫోనులోకి కంపెనీ నుంచి సందేశం వచ్చింది. కారుకు కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిందట, ఎక్కించుకోమంటారా అని అడిగింది. కృప సరే నొక్కింది. అప్పటినుంచి కారుకు తిక్క పట్టింది. సాయంకాలం తీగ తగిలిస్తే కొంతసేపు బాగానే చార్జింగు ఎక్కేది. వీధిలో దీపాలు వెలిగి, నీళ్ల మోటార్లు మొదలై, బల్బులు కాస్త మసకబారే వేళకు ఎర్రలైటు వెలిగి ఆగిపోయేది. మళ్లీ తగిలిస్తే మళ్లీ ఆగిపోయేది. తెల్లవారేసరికి సగం కడుపు కూడా నిండేది కాదు. ఆదోని పోతే తిరిగి రావడం అనుమానంగా ఉండేది. ఆస్పత్రికి పోవలసిన ముసలివాళ్లను దారిలో దించడం కుదరదు కదా! రెండు ట్రిప్పుల చోట ఒకటే వేస్తూ, అన్నిటికీ ఆలస్యమవుతూ, కృప నెట్టుకొచ్చింది.

ఆదోని షోరూములో సర్వీసు మేనేజరు పేరు హరికృష్ణ. చెడ్డవాడు కాడు. తొందరలో ఉన్నవాడు. కృప సాయంకాలపు కరెంటు సంగతి చెప్పడం మొదలుపెట్టేలోపే అతను చార్జింగు మూత తెరిచాడు. తెరవగానే అతనికి ఎర్రగా కుంకుమ కనిపించింది. ఎరుపు కనిపించాక ఇక ఏ మాటా వినిపించలేదు.

“ఇదేందమ్మా, సాకెట్టు చుట్టూ పొడి? బయటి పదార్థం పడితే సెన్సార్లు పనిచెయ్యవు. ఇది వారంటీ కింద రాదు. శుభ్రం చేసి సాఫ్ట్‌వేరు మళ్లా ఎక్కియ్యాలంటే ఖర్చు మీరే పెట్టుకోవాల.”

“సాఫ్ట్‌వేరు మీరు పంపిందే గదా సార్? అది వచ్చినంక గదా ఇట్లయింది?”

“అది అందరి బండ్లకూ వచ్చిందమ్మా. అందరి బండ్లూ ఆగిపోలేదే.”

కృప తాళం తీసుకొని బయటికి వచ్చింది. ఆమె ఊరికి తిరిగి వచ్చి, సుధాకర్‌తో మాత్రం చెప్పింది, ఇంకెవరికీ చెప్పవద్దని మరీ మరీ చెప్పింది. సుధాకర్ ఇంకెవరికీ చెప్పలేదు, టీ అంగట్లో వెంకటేశులుకు తప్ప. అంతే చాలింది.

మరుసటి ఉదయం కారు రంగమ్మ గడప ముందు నిలబడితే తలుపు మూసి ఉంది. ఆమె బస్సుకు పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ సాయంత్రం కృప వెళ్లి చూస్తే, రంగమ్మ గోడకు చేరగిలబడి కూర్చొని ఉంది. రాట్నం తిరగడం లేదు.

“నిన్ను నిలబెట్టిన చేతితోనే నీ నోటికాడి కూడు తీసినా గదనే, పాపా.”

“ఏం మాటలవ్వా ఇవి! బొట్టు పెడితే కారు ఆగుతాదా యాడన్నా?”

“సదువుకున్నోళ్లు సెప్పినారంట గదా.”

కృప ఎన్ని చెప్పినా ఆమె మనసు మారలేదు. కారు ఎక్కమంటే చెయ్యి అడ్డంగా ఊపింది. “నా నీడ గూడా దాని మీద వద్దులేమ్మా” అన్నది. ఆ మాట కృపకు ఎర్రలైటు కన్నా ఎక్కువ కష్టం కలిగించింది. కారు బాగుపడాలి, నిజమే. కానీ దానికన్నా ముందు, బొట్టు వల్ల చెడిపోలేదన్న మాట ఆ షోరూమువాళ్ల నోటి నుంచే రావాలి. ఆ మాట కృప చెబితే ఓదార్పు అవుతుంది, వాళ్లు చెబితేనే నిజమవుతుంది. ఖర్చు ఎట్లాగైనా భరించి బాగు చేయించుకుంటే, బొట్టు మీది నింద శాశ్వతంగా నిలిచిపోతుంది.

ఆమె మళ్లీ ఆదోనికి బయలుదేరింది. ఆ సంగతి ఎట్లా తెలిసిందో, రంగమ్మ ఉతికిన చీర కట్టుకొని వీధి మలుపులో నిలబడి ఉంది.

“నేనూ వస్తా. పెట్టింది నేను. అడిగేదేమన్నా ఉంటే నన్నడగమను” అని చెప్పి వెనకసీటులో కూర్చుంది. ముందుకు రమ్మంటే రాలేదు.

కారులో చార్జింగు అంతంతమాత్రం. కృప ఏసీ ఆపింది, పాటలు ఆపింది, అద్దాలు దించింది. కోటేకల్లు దాటాక పత్తి ట్రాక్టర్లు దారి నిండా మెల్లగా పోతున్నాయి. వాటిలోనుంచి ఎగిరిన దూది పింజలు అద్దంలోనుంచి వచ్చి రంగమ్మ తలలో చిక్కుకున్నాయి. ఒక ట్రాక్టరు వీళ్లను దాటుకొని పోతూ హారను మోగించింది.

“ట్రాక్టరు గూడా మనల్ని దాటిపోయె” అన్నది రంగమ్మ, ఆ దిగులులోనూ నవ్వు ఆపుకోలేక.

“కూడు తినకుంటే మనిషైనా అంతే గదవ్వా.”

షోరూములో చల్లగా ఉంది. మధ్యలో ఒక కొత్త తెల్ల కారును బంతిపూలతో అలంకరించి, ఎర్రటి రిబ్బను కట్టి ఉంచారు. దాని పక్కన కౌతాళం వైపునుంచి వచ్చిన రైతు బసప్పా, అతని భార్య లింగమ్మా పట్టుబట్టలతో కుర్చీల్లో కూర్చొని ఉన్నారు. ఇద్దరూ మాటిమాటికీ గోడగడియారం చూస్తున్నారు.

హరికృష్ణ కృపను గుర్తుపట్టాడు. బల్ల సొరుగులోనుంచి ఒక కాగితం తీశాడు.

“మంచిపని చేసినారమ్మా వచ్చి. దీని మీద సంతకం పెట్టండి. యజమాని పొరపాటు వల్ల చెడిపోయిందని ఒప్పుకుంటే, రేపటికల్లా బాగు చేసిస్తాం. ఖర్చు తగ్గించమని గూడా నేను మాట్లాడతా.”

“తగ్గించమని నేనడగలేదు సార్. బొట్టు వల్ల చెడిపోయిందని మీకెట్ల తెలిసింది? అది సెప్పండి.”

“కళ్లకు కనపడతాంది గదమ్మా! ఫారిన్ మెటీరియల్ అని రాసినారు ఈడ.”

అంతవరకూ వెనక నిలబడిన రంగమ్మ ముందుకు వచ్చింది. “ఫారిన్‌దా? మనకు ఫారిన్ కుంకుమ యాడిదప్పా! సంతలో కొన్నా. కావాలంటే ఆ అంగడాయన్ని పిలిపిస్తా.”

“అది గాదు పెద్దమ్మా. మీరెవరు?”

“ఆ బొట్టు పెట్టినదాన్ని నేనే. ఈ పాపకేం తెలీదు. ఆయమ్మ వాళ్లల్లో బొట్టు పెట్టరు, కావాలంటే నుదురు సూడు. తప్పు నాది. కాగితం ఇటు తే. ఏలిముద్ర యాడెయ్యాల?”

ఆమె అప్పటికే బొటనవేలు చాపింది. కృప ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

“ఎయ్యద్దవ్వా. ఏసినావంటే నీతో మాట్లాడను.”

“నీ బండి తిరగాల గదమ్మే!”

“తిరుగుతాది. ఇట్ల మాత్రం తిరగనక్కర్లే.”

హరికృష్ణ ఏం చెప్పబోయాడో గానీ, ఆ లోపల లింగమ్మ కుర్చీలోనుంచి లేచి నిలబడింది. “సారూ, ముహూర్తం దాటిపోతాంది! మా అయ్యవారు సెప్పిన గడియ అయిపోయినంక తాళాలిస్తే మేము తీసుకోం” అని గట్టిగా అన్నది. “అయ్యో, ఒక్క నిమిషమమ్మా, కూర్చోండి” అని కృపతో చెప్పి, హరికృష్ణ ఆదరాబాదరాగా అటు నడిచాడు.

ఆ షోరూములో కొత్త కారు చేతికిచ్చేటప్పుడు హారతి పట్టడం అతని పని. పెద్దవాడు గనుక, చెయ్యి మంచిదని పేరుంది గనుక, అందరూ అతని చేతనే బొట్టు పెట్టించుకుంటారు. పళ్లెం అందుకున్నాడు. స్టీరింగుకు బొట్టు పెట్టాడు. బానెట్టుకు పెట్టాడు. నాలుగు చక్రాలకూ పెట్టాడు. బసప్ప ఫోనులో వీడియో తీస్తున్నాడు. చివరగా, ఎన్నో కార్లకు చేసి చేసి చేతికి అలవాటైపోయిన పనిగా, చార్జింగు మూత తెరిచి, ఉంగరపు వేలితో నిండుగా కుంకుమ తీసుకొని ఆ నోటి అంచున పెట్టాడు. కొంచెం కిందికి రాలింది. దాన్ని తుడవలేదు.

రంగమ్మ కళ్లు విప్పార్చి చూసింది. కృప చెయ్యి విడిపించుకొని, ఆ తెల్ల కారు దగ్గరికి నడిచింది.

“నాయనా, నాయనా! ఆడ పెట్టద్దు! వారంటీ పోతాది!”

ఆ కేకకు షోరూములో అందరూ తల తిప్పి చూశారు. హరికృష్ణ ఉంగరపు వేలు గాలిలోనే ఉంది. ఎర్రగా ఉంది. అతను ఆ వేలిని చూసుకున్నాడు, సాకెట్టును చూశాడు, బల్ల మీది కాగితాన్ని చూశాడు.

అందరికన్నా ముందు తేరుకున్నవాడు బసప్ప. వీడియో ఆపకుండానే అడిగాడు. “ఏమప్పా మేనేజరూ! ఇందాక నువ్వు ఆయమ్మతో అంటాంటే నేను ఇంటాండా. బొట్టు పెట్టిందానికి వారంటీ పాయె అంటివి. ఇప్పుడు నా బండికి నువ్వే పెడ్తివి. నా వారంటీ ఉండాదా, పాయెనా? అది తేల్చినంకనే తాళం తీసుకుంటా.”

“తుడుసప్పా, ముందు తుడుసు!” అన్నది లింగమ్మ కంగారుగా.

“తుడవగూడదమ్మా” అని రంగమ్మ అడ్డుపడింది. “శుభమాని పెట్టినాడు. ఆయప్ప మంచి మనసుతోనే పెట్టినాడు. నేను గూడా అట్లనే పెట్టినా.”

ఆ చివరి మాట ఆమె ఎవరినీ నిందించడానికి అనలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. కానీ హరికృష్ణ ముఖంలో మొదట సిగ్గు కనిపించింది. దాని వెనకనే నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూశాడు. వల్లకాలేదు. పళ్లెం పక్కన పెట్టి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు బసప్పకు తగులుకుంది, లెక్కల బల్ల దగ్గర ఉన్నవాళ్లకు తగులుకుంది. చివరకు నవ్వనని పట్టుబట్టిన లింగమ్మకూ తగులుకుంది.

“ఏమీ కాదు బసప్పా, నీ వారంటీ భద్రంగా ఉంది” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “ఈ షోరూము తెరిచినప్పటినుంచి ప్రతి కరెంటు బండికీ నేను ఆడనే పెడతాండా. ఇంతవరకూ ఒక్కటి గూడా బొట్టు వల్ల ఆగలే.”

“అయితే నాది?” అన్నది కృప.

హరికృష్ణ నవ్వు ఆగింది. ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, ఈసారి తొందర లేని గొంతుతో, “నీది ఎందుకు ఆగిందో నేను చూడనే లేదమ్మా. ఎరుపు చూసి ఆగిపోయినా. ఇప్పుడు మొదటినుంచి చెప్పు” అన్నాడు. వీణను పిలిచాడు. కార్ల సాఫ్ట్‌వేరు చూసే అమ్మాయి ఆమె. కృప కారుకు తన ల్యాప్‌టాప్ తగిలించి, “ఏ టైములో ఆగిపోతాంది అక్కా?” అని అడిగింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఎవరూ పూర్తిగా విననిదాన్ని కృప తీరికగా చెప్పింది. ట్రిప్పు లేని పగటిపూట తగిలిస్తే ఆగదు. దీపాలు పెట్టే వేళ, వీధిలో మోటార్లు మొదలై, బల్బులు మసకబారినప్పుడే ఆగుతుంది. మొన్న ఇక్కడ షోరూములో తగిలిస్తే ఆగలేదు.

వీణ తెర మీద ఏవో వరుసలు చూసి, కంపెనీకి ఫోను చేసి, చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చి అందరికీ వినిపించేటట్టు చెప్పింది. కరెంటు ఒత్తిడి తగ్గితే పాత సాఫ్ట్‌వేరు చార్జింగును నెమ్మది చేసేది. కొత్తదానికి ఆ ఓర్పు లేదు. తగ్గగానే ఏదో ప్రమాదమని బెదిరి పూర్తిగా ఆపేస్తుంది. టౌనులో ఒత్తిడి తగ్గని చోట్ల ఎవరికీ తెలియలేదు. ఇటువంటి ఫిర్యాదులు వేరే ఊళ్ల నుంచీ వచ్చాయట. దిద్దిన సాఫ్ట్‌వేరు కంపెనీ సిద్ధం చేసింది. అడిగినవాళ్లకు వారంటీలోనే ఎక్కించమన్నది.

“వారంటీలోనేనా?” అని హరికృష్ణ ఆమెను మళ్లీ అడిగాడు.

“వాళ్లు పంపిన దాంట్లో తప్పు వాళ్లు దిద్దుకుంటాండారు సార్. ఇంక దేంట్లో వస్తాది?”

అతను బల్ల మీది కాగితం తీసి చింపేశాడు. “ఎక్కించమ్మా, ఇప్పుడే ఎక్కించు” అన్నాడు. కృప మాత్రం కదలలేదు.

“ఇంకేం కావాలమ్మా?”

“ఆ మాట నాతో గాదు సార్. అవ్వతో సెప్పండి.”

హరికృష్ణ రంగమ్మ కూర్చున్న కుర్చీ దగ్గరికి వెళ్లి, కాస్త వంగి నిలబడ్డాడు. “అవ్వా, కారు ఆగిపోయింది నీ బొట్టు వల్ల కాదు. మా సాఫ్ట్‌వేరు వల్ల.”

రంగమ్మ చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. “ఏందీ? ఇనపల్లే నాయనా. ఇంగోసారి సెప్పు.”

సూది పడినా వినగల చెవులు ఆమెవి. ఆ సంగతి కృపకు తెలుసు. అయినా తల వంచుకొని ఊరుకుంది.

“నీ బొట్టు వల్ల కాదవ్వా! మా తప్పు!” అని హరికృష్ణ ఈసారి షోరూము అదిరేటట్టు అరిచాడు.

“ఆఁ, ఇప్పుడు ఇనపడింది” అని రంగమ్మ నిదానంగా లేచి, చీర కొంగు దులిపి, తలలోని దూది పింజను తీసి పారేసింది. “కొత్త బండి తీసుకున్నోళ్లు పేడాలు పంచరా మీ పక్క?”

బసప్ప పెట్టె తెరిచాడు. ఆమెకు రెండు ఇచ్చాడు, ఒకటి ఇప్పటికి, ఒకటి దారికి. సాఫ్ట్‌వేరు ఎక్కేంతసేపు లింగమ్మ రంగమ్మను తన కొత్త కారులో కూర్చోబెట్టి, దేనికి ఏ మీట నొక్కాలో అడిగి తెలుసుకుంది. రంగమ్మకు వాటిలో ఏ ఒక్కటీ తెలియదు. అయినా అన్నిటికీ జవాబు చెప్పింది.

తిరుగుదారిలో ఆమె ముందుసీటులోనే కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, తలుపు తెరుచుకొని తానే కూర్చుంది. ఆరేకల్లు దగ్గర ఎక్కిన ఇద్దరు ఆడవాళ్లకు జరిగినదంతా చెప్పింది. అప్పటికి ఆమె కథలో మేనేజరు ఆమె ముందు వంగి నిలబడ్డాడు. కోటేకల్లులో ఎక్కిన వాళ్లకు చెప్పేసరికి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఎమ్మిగనూరు చేరేసరికి అతను ఆమెకు కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, కంపెనీవాళ్ల చేత ఫోనులో క్షమాపణ కూడా చెప్పించాడు. కృప ఓరగా చూస్తూ, “అవ్వా, కాఫీ యాడ తాగినావు?” అంటే, “నువ్వు వీణమ్మతో మాట్లాడతాంటివి, సూడలే” అన్నది.

అయితే అసలు పరీక్ష సాయంకాలానిది. షోరూములో ఆగని కారు ఇంటి దగ్గర ఆగదా అన్నది ఇంకా తేలలేదు. కృప తీగ తగిలించింది. ఆ వేళ రాట్నాలు త్వరగా ఆగిపోయాయి. వీధి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అరుగుల మీద చేరారు. సుధాకర్ కూడా వచ్చి, ఎవరి కంటా పడకుండా స్తంభం వెనక నిలబడ్డాడు. వెంకటేశులుకు చెప్పిన సంగతి గుర్తుండి అతనికి ఆ చోటు బాగుంది.

దీపాలు వెలిగాయి. ఎదురింట్లో నీళ్ల మోటారు మొదలైంది, ఆ వెంటనే ఇంకొకటి, ఇంకొకటి. కృప వాకిట్లోని బల్బు సన్నగా మసకబారింది. రంగమ్మ కారు పక్కన గొంతుక్కూర్చొని, చార్జింగు దగ్గర మిణుకుమంటున్న పచ్చలైటు వంక తదేకంగా చూస్తున్నది.

లైటు పచ్చగానే ఉంది. కొంచెం నెమ్మదిగా మిణుకుతున్నది, అంతే.

“తింటాంది!” అని ఆమె కేకపెట్టింది. “మెల్లగా తింటాంది గాని, తింటాందే!”

వీధి ఒక్కసారిగా గలగలలాడింది. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో రేపు ఆదోనికి తమకు రెండు చోట్లు ఉంచమన్నారు, ఇంకెవరో మొన్న ఆస్పత్రికి బస్సులో పోయి పడ్డ అవస్థ చెప్పడం మొదలుపెట్టారు. కృప కళ్లు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతూనే ఉంది. సుధాకర్ స్తంభం వెనకనుంచి బయటికి వచ్చి, ఆమెకు మంచినీళ్ల చెంబు అందించాడు.

రంగమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి నిలబడింది.

“ఆ మేనేజరు పిల్లోడు మంచోడే పాపా. కాని బొట్టు పెట్టేటప్పుడు ఏలు సరిగా ఆన్చల్లే. ఈసారి ఆదోనికి పోయినప్పుడు ఒక గడియ ఆడ ఆపు. నేర్పించి వస్తా.”